నీళ్ల మలుపు

జూలై 4

నీళ్ల మలుపులో బండి నా మాట వినలేదు.

అదే రోజు, సాయంత్రం

ఇప్పుడు కాస్త కుదురుగా రాయగలను. టైర్ల కంపెనీలో టెస్ట్ డ్రైవర్ని. ట్రాక్ మీద నీళ్లు వదులుతారు, నేను ఎనభై స్పీడులో మలుపు తిప్పుతాను, టైరు రోడ్డును పట్టుకుందో లేదో చెబుతాను. ఇన్నేళ్లూ అన్నం పెట్టిన పని అదే. ఇవాళ మలుపు సగంలో స్టీరింగ్ ఉన్నట్టుండి తేలికైపోయింది. ఎంత తిప్పినా ముందు చక్రాలు నీళ్ల మీద తేలుతూ తిన్నగా పోయాయి. గడ్డిలోకెళ్లి ఆగాను. దెబ్బలేం తగల్లేదు.

ఆ టైరు మీద గాడులు గీసింది మా మరదలు, తమ్ముడి భార్య. అదే కంపెనీలో డిజైనర్. నీళ్లను మధ్యలోంచి రెండు పక్కలకూ తరిమేలా బాణం ములుకుల్లాంటి గాడులు. తన పేరు మీద వచ్చిన మొదటి డిజైన్.

జూలై 5

మీటింగ్. తప్పు డిజైన్‌దా, డ్రైవర్‌దా తేల్చాలన్నాడు మేనేజర్. డిజైన్‌దైతే స్క్రాప్. డ్రైవర్‌దైతే నన్ను ఆఫీసులో కుర్చీకి కట్టేస్తారు. మరదలు తలెత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఒకే కారులో ఇంటికొచ్చాం.

వయసు మీద పడుతోంది, ఒప్పుకోవడానికేం అంది మా ఆవిడ. విసుక్కున్నా. కానీ నిజమేనేమో. భయమేస్తోంది.

జూలై 6

తప్పు నాదేనని మేనేజర్‌కి చెప్పేశా. నాదేనని తెలిసి కాదు. ఆ గాడుల కోసం ఆ పిల్ల నానా తంటాలూ పడటం కళ్లారా చూసినవాణ్ణి. పిండి కలుపుతూ దాని మీద కూడా అవే గీతలు గీసేది.

మేనేజర్ తల పట్టుకున్నాడు. మరదలు పొద్దున్నే వచ్చిందట. తప్పు తన డిజైన్‌దేనని, బావగారి చేతుల్ని ఎవరైనా ఒక్క మాటంటే ఊరుకోనని చెప్పి పోయిందట. ముందు మీ ఇంట్లో తేల్చుకుని ఎవరో ఒకరే రండి అని కసిరాడు.

బయటికొచ్చి నవ్వుకున్నా. నవ్వుతుంటే కళ్లమ్మట నీళ్లొచ్చాయి.

జూలై 7

వాన. బయట తడుస్తున్న ఆ బండిని షెడ్డులోకి తిప్పి పెట్టా. షెడ్డులోకి వంపు తిప్పాను కదా, ముందు చక్రాల జాడ వేరుగా, వెనక చక్రాల జాడ వేరుగా పడ్డాయి, పొడి సిమెంటు మీద తడిగా. చూస్తే వెనక బాణాలు ఒక దిక్కుకి, ముందు బాణాలు సరిగ్గా దానికి ఎదురు దిక్కుకి!

మరదల్ని కేకేశా. వంగి చూసింది, టైరు ఏ దిక్కుకి తిరగాలో చెబుతూ పక్కన అచ్చేసిన రొటేషన్ గుర్తు తడిమింది. ముందు కుడి చక్రం ఎడమకి, ఎడమది కుడికి బిగించేశారు. బయటికి తరమాల్సిన నీళ్లని గాడులు లోపలికే తోశాయి. టెస్టుకి ముందు కేటలాగ్ ఫొటోల కోసమని ముందు చక్రాలు ఊడదీశారట. ఆ ఫొటోల ముచ్చట ఎవరిదయ్యా అంటే, మేనేజర్‌దే.

మరదలు నేల మీదే చతికిలబడి ఏడ్చేసింది. ఏడుస్తూనే నన్ను కడిగేసింది, లేని తప్పు నెత్తినేసుకోమని మిమ్మల్నెవరు అడిగారని. నేనూ అదే అడిగా.

జూలై 10

రీటెస్ట్. పక్క సీట్లో కూర్చుంటానంది మరదలు. బరువు పెరిగితే లెక్క మారుతుందన్నా. లెక్కల సంగతి తనకొదిలేయమంది. అదే మలుపు, అవే నీళ్లు, అదే ఎనభై. నీళ్లు రెండు పక్కలా ఎగిరిపోయాయి. స్టీరింగ్ బరువు చేతికి నిండుగా తెలిసింది. బండి గీత గీసినట్టు తిరిగింది. అమ్మయ్య! ఇంతకంటే పెద్ద మాట నాకు రాదు. మరదలు ఇంకోసారి, ఇంకోసారి అంటూ ట్రాక్ మీదకి వదిలే ట్యాంకులో నీళ్లు అయిపోయేదాకా తిప్పించింది.

జూలై 14

సెలవు. వాన. అయినా ట్రాక్‌కి వెళ్లా. మలుపులో స్టీరింగ్ మీంచి ఒక చెయ్యి తీసి కిటికీలోంచి వానలోకి చాపా. బండికి తెలియనే లేదు. మా ఆవిడకీ తెలియదు.