యాభై నిమిషాలు, పద్నాలుగు గంటలు

బరియో,
నవంబరు 14, ఉదయం 9.40

ప్రియమైన సుపాంగ్ అక్కకు,

చెల్లెలు మూజాన్ నమస్కారాలు. మీరి పట్నంలో నువ్వూ, బావా, బాబూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేము కులాసాగా లేము.

ఈ ఉత్తరం తెచ్చే మెరియా టీచరు, పది గంటల విమానంలో అమ్మ కూర్చోవలసిన సీటులో వస్తోంది. ఆవిడ తప్పేమీ లేదు.

నిన్నటి నుంచి అమ్మకు కడుపులో కుడివైపు నొప్పి. క్లినిక్కులో లియాన్ మామ పొట్ట నొక్కి చూసి అపెండిక్సు అన్నాడు. "రేపు పొద్దున్నలోగా ఆపరేషన్ కావాలి. ఆ తర్వాతంటే నేను మాటివ్వలేను" అన్నాడు. మూడు రోజులుగా ఫోను టవరు పనిచేయడం లేదు, హెలికాప్టరుకు కబురు పంపే దారి లేదు. మీరికి విమానంలో నూట డెబ్బై కిలోమీటర్లు, యాభై నిమిషాలు. నిన్ననే టికెట్టు రాయించాను.

ఇవాళ విమానాశ్రయంలో, ఎక్కేముందు మనుషుల్ని తూచే కాటాను అమ్మ నా భుజం పట్టుకుని ఎక్కింది. "నన్ను బియ్యం మూటతో కలిపి తూచండి, మీరిలో మంచి రేటొస్తుంది" అంటే అందరూ నవ్వారు. కౌంటరులో కొత్తాయన. తీరం నుంచి వచ్చి వారం కాలేదు. అమ్మ గుర్తింపు కార్డూ టికెట్టూ పక్కపక్కన పెట్టి, "వీళ్ళు ఇద్దరు మనుషులమ్మా" అన్నాడు. పేర్లు కలవలేదు.

అగాన్ బాబాయ్ అరిచాడు. "మా ఊళ్ళో మనిషికి మూడు పేర్లయ్యా! పుట్టాక ఒకటి, బిడ్డ పుడితే ఒకటి, మనవడు పుడితే ఒకటి. మనిషి మాత్రం ఒక్కతే!"

"ఉంటే ఉండనీ బాబాయ్, విమానం ఎక్కేది కార్డులో ఉన్న పేరే" అన్నాడాయన.

నేను కార్డు కేసీ టికెట్టు కేసీ చూస్తూ నిలబడ్డాను. "దీన్ని కాన్వెంటు సిస్టర్ల దగ్గర చదివిస్తే నోరు అక్కడే వదిలేసి వచ్చింది" అంది అమ్మ. అప్పుడు టికెట్టు మీద పేరు మార్చి రాయమని అడిగాను, బతిమాలాను. ఆయన రేడియోలో పై వాళ్ళను రెండుసార్లు అడిగాడు. కుదరదన్నారు. ఇవాళ ఇంకో విమానం లేదు, హెలికాప్టరూ లేదన్నారు. కార్డు తిరిగి నా చేతిలో పెట్టాడు.

అగాన్ బాబాయ్ ట్రక్కులో బయలుదేరుతున్నాం. కలప లారీలు తిరిగే దారిలో మీరికి పద్నాలుగు గంటలు. రాత్రి వాన పడింది, బురద. దారిలోని లాంగ్ బెడియాన్‌కు చేరేసరికి సాయంత్రం ఆరవుతుంది. పదకొండున్నరకు ఈ ఉత్తరం నీ చేతిలో ఉంటుంది. పన్నెండింటికల్లా అంబులెన్సుతో బయలుదేరితే అయిదింటికి నువ్వు లాంగ్ బెడియాన్ చేరతావు. అక్కడ ఆగకు, మాకు ఎదురు రా. ఆ అరగంట మాకు కావాలి.

రెండేళ్ళుగా నీకూ అమ్మకూ మాటల్లేవు. నీ పెళ్ళికి అమ్మ రాలేదు. బాబు పుట్టాక పేరు మార్చుకోనంది. నీ కోపం న్యాయమే. అయినా రా అక్కా.

నీ చెల్లెలు,
మూజాన్

తా.క. ఇది నీకు రాయవద్దని అమ్మ ఒట్టు పెట్టించుకుంది. ఆమె ట్రక్కు ఎక్కింది, చూడదు. టికెట్టు మీద నేను రాయించింది మనకు తెలిసిన పేరే, సినా రవాయ్. కార్డు మీద ఉన్నది రిబూ అయూ. నీ కొడుకు పుట్టిన నెలలో, కళ్ళు చూపించుకోవాలని మాతో చెప్పి మరూడి పట్నం వెళ్ళి, పేరు మార్పించుకుందట. ఎవరికీ చెప్పలేదు. ఆసుపత్రిలో పేరడిగితే ఆ పేరే చెప్పు. పాతది చెబితే మళ్ళీ ఆపుతారు.