కుక్కపిల్ల వాళ్ళమ్మ

సరళా,

ఇవాళ పక్క అపార్ట్‌మెంట్ జపాన్ ఆవిడ వచ్చింది. నువ్వు ఎదురుచూసిన ఆఖరి వీడియో టేప్ వాళ్ళ దేశం నుంచి ఇప్పటికి చేరిందట. నువ్విక లేవని తెలిసీ తెచ్చింది. అమెరికా వచ్చాక ఈ శాంటా క్లారాలో నీకున్న స్నేహితురాలు ఆవిడొక్కతే కదా. ఆవిడకు తెలుగు రాదు, నీకు జపనీస్ రాదు. అయినా నేను ఆఫీసుకు వెళ్ళాక ఇద్దరూ కూర్చుని ఆ కుక్కల కార్టూన్ చూసేవారు. అన్నాల దగ్గర నువ్వు నాకు కథ చెప్పేదానివి.

"కుక్కపిల్ల వాళ్ళమ్మ కొండ అవతల బతికే ఉందండీ. ఆ ఎలుగుబంటిని చంపేస్తే వెళ్ళి కలుసుకుంటుంది."

హాస్పిటల్లో కూడా "టేప్ వచ్చిందా?" అని అడిగావు.

ఆవిడా నేనూ కలిసి చూశాం. కుక్కలన్నీ ఏకమై మంచులో ఎలుగుబంటి మీద పడ్డాయి. చాలా కుక్కలు చచ్చిపోయాయి. చివరికి ఎలుగుబంటి కూలింది. కుక్కపిల్ల ఒక్కటే కొండెక్కి అరిచింది. బొమ్మ అయిపోయింది.

"వేర్ ఈజ్ ద మదర్?" అన్నాను.

ఆవిడ తల దించుకుంది. "మదర్ డెడ్. ఫస్ట్ టేప్," అంది.

ఆవిడ జపాన్ వెళ్ళిపోతోంది. టేపులన్నీ నాకే ఇచ్చేసింది. ఆవిడ వెళ్ళాక మొదటిది పెట్టాను. తల్లి మంచులో పడిపోయింది. పిల్ల దాని మొహం నాకుతూ కూర్చుంది. అర్థం కావడానికి ఏ భాషా రానక్కర్లేదు.

నువ్విది చూశావు, సరళా.