మా వంటింట్లో ఊరు పుట్టలేదని మనవి

పురపాలక అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఊరి పుట్టుపూర్వోత్తరాల శిలాఫలకం నిమిత్తం మా వంటిల్లు తవ్వుటను నిలుపుదల చేయుట గురించి.

కళాశాలలో చరిత్ర చెప్పుకునే నేను, తమ ఆదేశానుసారం ఈ సరిహద్దు సంత ఊరి తొలినాళ్లపై నివేదిక సమర్పించుకున్న సంగతి తమకు విదితమే. అందుమీదట సంభవించిన ఇబ్బందులు:

1. ఇద్దరు రాజుల సుంకమూ ఎగ్గొట్టడానికి ఉప్పు అమ్ముకునే ఒకావిడ మూటను అవతలి రాజ్యంలోను, త్రాసును ఇవతలి రాజ్యంలోను పెట్టి, నడిమధ్య కూర్చుందట. అదే తొలి అంగడి. ఆమె పేరే ఊరికి వచ్చిందని ఒక వాదం. కాదు, సరిహద్దు కొలిచినవాడి పేరని మరో వాదం. రెంటికీ "బహుశా" అని రాశాను. రాతి మీద సందేహాలు చెక్కరాదని తమ కార్యాలయం ఆ మాటలు కొట్టివేసింది. ప్రస్తుతం ఊరి పేరుకు రెండు మూలాలు, రెండూ నిస్సందేహం.

2. తొలి అంగడి "ఎక్కడైనా కావచ్చు, మాటవరసకు మా వంటిల్లే కావచ్చు" అని రాసిన పాపానికి తమ సిబ్బంది మా పొయ్యిగట్టు చుట్టూ సున్నంతో గీత గీసి, సోమవారం తవ్వుతామని చెప్పి వెళ్లారు.

3. మా అత్తగారు చూడవచ్చినవారితో, "ఆ ఉప్పావిడ మా అత్తగారి అత్తగారికి అత్తగారు. నోరు మహా చెడ్డది," అంటున్నారు.
"ఇవన్నీ మీకెవరు చెప్పారు అత్తయ్యా?" అన్నాను.
"నువ్వే కదే రాశావు! ఇంత చదివినదానివి, అబద్ధం రాస్తావా?"
నిన్న ఎవరో పొయ్యితో ఫొటో దిగుతుండగా పాలు పొంగిపోయాయి. మా వారు గట్టు తుడుస్తూ, "పెళ్లికి ఇష్టమేనా అంటేనే 'కావచ్చు' అన్న మనిషివి. దీనికైనా 'కాదు' అనలేకపోయావా?" అన్నారు.

4. తమ గుమాస్తా గారిని వేడుకోగా, "ఫారంలో స్థలం గడి ఖాళీగా ఉండకూడదు మేడం. మీది కాకపోతే ఇంకెవరిదో చెప్పండి, అక్కడే తవ్విస్తాం," అన్నారు. ఈ కబురు పాకినప్పటినుంచి పక్కింటి దర్జీ నన్ను చూస్తే తలుపేసుకుంటున్నాడు. నేనెవరి ఇల్లు చెప్పను?

కావున, తెలియదనుట కూడా చరిత్రలో భాగమేనని చిత్తగించి, మా పొయ్యిని మాకు దయచేయవలెనని ప్రార్థన.

తమ విధేయురాలు,
చరిత్ర అధ్యాపకురాలు

తా.క.: గడి నింపక తప్పదంటే రాసుకోండి. తొలి అంగడి తమ కార్యాలయంలోనే ఉండేది, సరిగ్గా తమ కుర్చీ కింద. తవ్వేటప్పుడు తమరు కాస్త పక్కకు జరిగి కూర్చుంటే చాలు.