సగం ముద్ద మూసిపెట్టు

సుగుణా,

పాలారు పొంగిన యేడు మా నాయన, చారులో ఉప్పు లేదని మా అమ్మతో జగడమాడి, రాగి ముద్ద ముట్టకుండా గనిలోకి దిగినాడు. ఆ రోజే లోపల బండ పగిలింది. చీకటి పడే దాకా ఆయన పైకి రాలేదు. అమ్మ ఆ ముద్ద ముందరే కూర్చుండిపోయింది.

మీ అమ్మను ఆసుపత్రికి తీసుకుపోతున్నాను. రేపు పొద్దున గుండె ఆపరేషన్ అన్నారు. నువ్వు రాగానే రాగి ముద్ద ఒకటి చెయ్యి, మెత్తగా ఉండాలి. అనపగింజల పులుసు గిన్నెలో ఉంది. సగం ముద్ద డబ్బాలో పెట్టుకొని సాయంత్రం ఏడు లోపల తీసుకురా. ఆ తరువాత తిననివ్వరంట. మిగతా సగం ఇంట్లోనే మూసిపెట్టు. ఎవరికీ పెట్టవద్దు.

మైను మూసేదాకా నేనూ రోజూ సగం ముద్ద మిగిల్చి డ్యూటీకి పోయినాను, తిరిగొచ్చి తినాలని. కాపురం ఎట్ల చెయ్యాలో మా అమ్మానాయన నోటితో చెప్పింది లేదు, చూసి నేర్చుకున్నది ఇదొక్కటే. ఈ పొద్దు మీ అమ్మను సగం మిగల్చమన్నాను. "నేనేమన్నా గనిలోకి దిగతాండానా? పోప్పా!" అని నవ్వి, పళ్ళెం తుడిచి తినేసింది. నాకు చాలా భయంగా ఉంది. ఆమెతో అనవద్దు.

ఆటో వచ్చింది.

చెప్పడం మరిచినాను. నాయన ఆ రోజు బతికే పైకి వచ్చినాడు. మర్నాడు పొద్దున ఆయన సగం ముద్ద తిని, పళ్ళెం అమ్మ ముందుకు జరిపి, "తీసిపెట్టు, వచ్చి తింటా" అని డ్యూటీకి పోయినాడు.