గోడ మీద అమరోనె

శ్రీధర్,

ఇవాళ నీ సంవత్సరీకం. లండన్ పక్కనున్న ఇల్ఫర్డ్ నుంచి మీ అన్న వచ్చాడు. నీ ఫొటో ముందు మటన్, గారెలు పెట్టాక, పెద్దలకు కల్లు పోసినట్టే నీకూ ఇష్టమైంది పొయ్యాలన్నాడు. నువ్వు దాచుకున్న ఇటలీ వైన్, ఆ అమరోనె సీసా, అల్మారాలోంచి తెచ్చి నా చేతికిచ్చాడు.

"నువ్వే తియ్యమ్మా. తమ్మునికి ఎప్పుడు నువ్వే కదా తీసిచ్చేది."

అవును, నేనే. ద్రాక్షపళ్లను నెలల తరబడి ఆరబెట్టి, రసాన్ని ఏళ్ల తరబడి పీపాల్లో ఉంచుతారని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేవాడివి. ఓపిక గురించి ఎంత ముద్దుగా మాట్లాడేవాడివో! ఒకసారి కార్క్ విరిగి సీసాలో పడినందుకు, నా జుట్టు పట్టుకుని తలను ఈ గోడకేసి కొట్టావు. మెట్ల మీద జారానని మన జీపీ డాక్టరుకి చెప్పాను. రక్తం మరక మీద నేనే పెయింట్ వేశాను.

ఇవాళ కార్క్ విరగకుండా వచ్చింది. సీసాను అదే గోడకేసి బద్దలుకొట్టాను. నీ ఫొటో మీదా, మీ అన్న తెల్లచొక్కా మీదా ఎర్రగా చిందింది.

"పిచ్చి లేసిందా నీకు?" అంటూ ఆయన చెయ్యెత్తాడు. మన అమ్మాయి ఆ చెయ్యి గాల్లోనే పట్టుకుంది.

"డోంట్ యు డేర్, పెదనాన్నా."

ఆయన వెళ్లిపోయాక, మళ్లీ అక్కడే మరక పడిందంటూ గోడ తుడవబోయాను.

"నో మమ్. ద బ్లడ్ వాజ్ లోవర్," అంటూ అమ్మాయి వేలితో జానెడు కింద చూపించింది.

అప్పుడు దానికి ఆరేళ్లు. పక్కగదిలో నిద్రపోతోందని మనిద్దరం అనుకున్నాం.