తేలిగ్గా దించే గుట్ట

బావమరిదికి,

ఫోన్ చేస్తే మీ అక్క గోడ అవతల నుంచి వింటుంది. అందుకే ఇంటి ముందు గది షాపులో కుట్టుమిషన్ ముందు కూచుని రాస్తున్నాను. అమ్మాయి పోయినప్పటి నుంచి ఆవిడ గేటు దాటలేదు. వండుతుంది, నేను తెచ్చిన చొక్కాలకి గుండీలు కుడుతుంది, మాట్లాడదు. మనిషి ఇలాగే ఉంటే మనకి దక్కదని డాక్టరమ్మ అంది. రోజూ గుట్ట నడక మంచిదట. నువ్వు పనిచేసేది కొండల్లోనే కదా. కొత్తవాళ్ళకి తేలికైన గుట్ట ఒకటి చెప్పు.

ఇట్లు,
బావ

తా.క. నా మోకాళ్ళు కూడా గుర్తుపెట్టుకో.

*

బావగారికి నమస్కారం.

టవర్ కొండ అన్నిటికంటే తేలిక. దారి వెడల్పు, నలుగురూ సమంగా నడవొచ్చు. మలుపుల్లో పక్కకి వంచే పని లేదు. మెట్ల కొండ మాత్రం వద్దు. ప్రతి మెట్టుకీ కుదుపే, తగిలినచోటే మళ్ళీ తగులుతుంది. అక్క ఇప్పుడు ఎంత బరువుందో రాయండి.

మీ బావమరిది

తా.క. పట్టీలు కొత్తవి వచ్చాయి. దిగులు పడకండి.

*

బావమరిదికి,

నలుగురెవరయ్యా? వెళ్ళేది మేమిద్దరం. నీ మాట పట్టుకుని మీ అక్కని బరువెంత అని అడిగాను. అంతవరకు మాట్లాడనిది, ఇప్పుడు నావైపు చూడటం కూడా మానేసింది. పట్టీలెవరికి?

బావ

తా.క. నేనడిగింది నడక గురించి. నువ్వు రాసింది అంతిమయాత్ర గురించి.

*

బావగారికి నమస్కారం.

తప్పు నాదే. స్ట్రెచర్ మోయడం నా పని, పట్టీలు మనిషిని దానికి కట్టేవి. కొండ మీద ఎవరైనా పడితే నలుగురం వెళ్ళి దించుతాం. తేలికైన కొండంటే నాకు తేలిగ్గా దించే కొండే తోచింది. ఎక్కేవాళ్ళని నేనెప్పుడూ చూడలేదు బావా. నాకు దిగేవాళ్ళే పరిచయం, వాళ్ళూ పడుకునే దిగుతారు.

మీ ఇంటి వెనక నీళ్ళట్యాంకు గుట్టకి వెళ్ళండి. పసిపిల్లలు కూడా ఎక్కేస్తారు. ముందు మీరొక్కరే వెళ్ళి చూసి రండి.

మీ బావమరిది

తా.క. ఇంతవరకు అక్కడి నుంచి ఎవరినీ దించలేదు. ‘ఇంతవరకు’ అనడం మా పనిలో అలవాటు, పట్టించుకోకండి.

*

బావమరిదికి,

పడుకుని రాస్తున్నాను. చీలమండ విరగలేదు, వాచింది. ఎక్కడం బాగానే ఎక్కాను. దిగుతుంటే ఎర్రమట్టిలో గులకరాళ్ళ మీద కాలు జారింది. ఫైర్ స్టేషన్ నుంచి ముగ్గురే వచ్చారు, నాలుగో మనిషి సెలవట. నన్ను స్ట్రెచర్‌కి కట్టేసి, నాలుగో పిడి ఎవరు పట్టాలా అని నిలబడ్డారు.

పక్కింటాయన వెళ్ళి చెప్పాడట, మీ అక్క ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పైకి వచ్చింది. నా మొహం చూడలేదు. వచ్చి పిడి పట్టుకుంది.

కాస్త దిగాక మొదలెట్టింది. “ఈ వయసులో గుట్టలా? చెప్పకుండా వస్తారా? ఎవరి పర్మిషన్‌తో వచ్చారు? మీరు కూడా పోతే నేనింక ఎవరితో మాట్లాడకుండా ఉండాలి?”

ఆ ముగ్గురూ తల వంచుకుని మోశారు. నేను కళ్ళు మూసుకుని విన్నాను. గుట్ట మరీ చిన్నదయ్యా. ఇంకాస్త పెద్దదైతే బాగుండేది.

బావ

తా.క. ఇంటికొచ్చాక మళ్ళీ మౌనమే. కానీ ఇవాళ పొద్దున గేటు చప్పుడైంది. చాలాసేపటికి తిరిగొచ్చింది. పాదాలకి ఎర్రమట్టి ఉంది. ఎక్కడికెళ్ళావని నేను అడగలేదు.