నాలుగో చరణం

1998 జూన్ 7, ఆదివారం

మళ్ళీ అదే. పాట నాలుగో చరణానికి వచ్చేసరికి సంఘం నోరు మూసుకుంది. చివరిదాకా పాడింది నేనొక్కణ్ణే. ఈ చాంద్రాయణగుట్ట చర్చి షెడ్డులో పద్నాలుగేళ్ళుగా చూస్తున్నాను. మొదటి చరణానికి రేకులు అదురుతాయి, నాలుగోదానికి సమాధుల దొడ్డి.

ఈ రోజు వదల్లేదు. ముందు వరుసలో కూర్చునే ముసలి ఆగమ్మను లేపి నిలబెట్టాను. నీ నోటికి తాళం వేసిందెవరని అడిగాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దమ్ము సాల్తలేదన్నా, అంది. సాలనిది దమ్ము కాదు, విశ్వాసం అన్నాను. అందరూ తలలు దించుకున్నారు. మంచిది.

జూన్ 9

సుచరిత ఒక ఫారం తెచ్చింది. చర్చి మ్యూజిక్ డిప్లొమా, రెండేళ్ళు. పాసైతే చర్చిలో ఆర్గన్ వాయించవచ్చట, స్కూల్లో మ్యూజిక్ టీచర్ పోస్టుకు పనికొస్తుందట. సంఘ పెద్ద సంతకం లేనిదే సీటు లేదు. సంఘ పెద్దను నేనే. కన్నతండ్రినీ నేనే. ఫారం తీసి బైబిల్ కింద పెట్టాను.

నేను ఎస్సెస్సీ తప్పినవాణ్ణి. పగలు ఆర్టీసీ డిపోలో టైర్లు మారుస్తాను. నాకు వాక్యం నేర్పిన కాలేజీ ఏది? యెరికో గోడలు కూల్చినవాళ్ళు ఏ డిప్లొమా చేశారని అడిగాను. వాళ్ళు పాడలే డాడీ, ఒర్రిన్రు, అంది. దావీదు గొర్రెల దగ్గర నేర్చుకున్నాడన్నాను. రాజైనంక ఆయననే రెండు వందల ఎనభై ఎనిమిది మందికి పాట నేర్పిచ్చి మందిరంల పెట్టిండు గద, అంది.

వెతికి చూశాను. ఉంది. లెక్కతో సహా ఉంది. పిల్లకు బైబిల్ చదవడం నేర్పింది నేనే.

జూన్ 12

తల్లీ కూతురూ అన్నం పెట్టి వెళ్ళిపోతున్నారు.

జూన్ 14, ఆదివారం

గంటంబావు ప్రసంగించాను. పరిశుద్ధాత్మకు సిలబస్ ఉందా? పెంతెకొస్తు నాడు అగ్ని నాలుకలు దిగేముందు ఎంట్రన్స్ టెస్టు పెట్టారా? పాటను మార్కులకు అమ్ముకునేవాళ్ళు బలిపీఠం మెట్టెక్కకూడదన్నాను. వెనక వరుసలోంచి మాణిక్యమ్మ హల్లెలూయ అంది.

నాలుగో చరణంలో మాణిక్యమ్మ గొంతు కూడా లేదు. సుచరిత వైపు చూశాను. పెదవులు కదలడం లేదు. నా ఇంట్లోనే!

జూన్ 18, సాయంత్రం 6

పొద్దున డిప్లొమా సీటు ఇంటర్వ్యూకు సుచరితతో నేనూ వెళ్ళాను. సంతకం పెట్టడానికి కాదు, వాళ్ళను కడిగేయడానికి. లోపల బిందుమాధవి అనే మేడమ్ ఉంది. నుదుట బొట్టు. బొట్టు పెట్టుకున్నావిడ మాకు కీర్తన నేర్పుతుందా అని మొహం మీదే అన్నాను. ఆమెకు కోపం రాలేదు. అదే నాకు మండింది. సార్, మీ సంఘంలో ఎలా పాడతారో ఒక పాట పాడండి, నాలుగు చరణాలూ, అంది.

పాడాను. వరండాలో పిల్లలు నిలబడిపోయేలా పాడాను. ప్రతి చరణం మొదట్లో ఆమె హార్మోనియం మీద ఒక మెట్టు తాకుతూ వచ్చింది. అయిపోయాక ఆ నాలుగు మెట్లూ వరసగా వాయించింది. ఒకదానికన్నా ఒకటి పైన. మీరు చరణం చరణానికీ శ్రుతి పెంచుకుంటూ పోతున్నారు సార్, మీకే తెలియడం లేదు, మీ వెనక పాడేవాళ్ళకు ఊపిరి ఎక్కడ చాలుతుంది, అంది.

నన్ను పైకి లేపేది ఆత్మ అన్నాను.

మిమ్మల్నొక్కర్నేనా సార్, అంది.

సంతకానికి శనివారం దాకా గడువిచ్చారు. తిరుగు బస్సులో సుచరితను అడిగాను, ఇది నీకు తెలుసా అని. తెలుసంది. ఎప్పట్నుంచి? సండే స్కూల్‌కు పోయేటప్పటికెంచి. ఎందుకు చెప్పలేదు? కిటికీలోంచి బయటకు చూస్తూ, చెప్తే నన్ను గూడ నిలవెడ్తుండె గద డాడీ, అంది.

జూన్ 20, శనివారం

సంతకం పెట్టాను. ఆ బొట్టావిడకు లొంగి కాదు. అభ్యర్థి గుణగణాలు అన్న చోట, తండ్రి అంటే భయం ఉన్నది అని రాశాను. చదువుకుని కొట్టేశాను. కొట్టేసిన గీతతోనే ఇచ్చాను.

జూన్ 21, ఆదివారం

పాట సుచరిత ఎత్తుకుంది. నేను నోరు తెరవలేదు. నాలుగో చరణంలో నా ముందు నుంచే ఒక బొంగురు గొంతు వచ్చింది.

ఆగమ్మకు ఆ చరణం మాటలన్నీ వచ్చు.